జోహరాబీ ఒప్పుకున్న టేసను

మా ఆయన్ని మెచ్చుకోవడానికి వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఫోన్లు పట్టుకుని వస్తారు, ముందుగదిలో వేసిన చెక్కబల్ల చుట్టూ తిరిగి వీడియోలు తీసుకుంటారు. "అబ్బ, అచ్చం నిజం టేసను లాగే ఉందండీ, నిజం రైలేనండీ" అంటారు. ఆ మాట చెవిన పడగానే నేను వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ కూర్చుంటాను, తోమిన గిన్నెలైనా సరే. అది నిజం లాగా తయారవడానికి మా ఇంట్లో ఏం పోయిందో వాళ్లకేం తెలుసు? వాళ్లకి చెప్పను. మీకు చెప్తాను, కూర్చోండి.

మా ఆయన పేరు బుడే. గుంటూరులో బ్రాడీపేట దాటి లోపలికొస్తే మా సందు. పరుపులు కుడతాడు, వాటికి తొడిగే గలేబులు నేను కుడతాను. మేం దూదేకులవాళ్లం. నమాజుకి అరబ్బీ, మిగతా అన్నిటికీ తెలుగే మాది. మా మావగారు ఇమాం హుస్సేన్ విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాడు. ఆ విల్లంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మనిషంత పొడుగు కర్ర, దానికి బిగించి కట్టిన నరం. కొయ్యతో ఆ నరాన్ని కొడుతుంటే ఝుం ఝుం అని మోగుతూ, అట్టకట్టిన దూది పొగలాగా విచ్చుకుంటుంది. ఇప్పుడు మిషన్లొచ్చాయి, ఆ తర్వాత ఫోము పరుపులొచ్చి మా పొట్ట కొట్టాయి, అది వేరే ఏడుపు. మా మావగారి విల్లు మాత్రం ఇప్పటికీ మా ముందుగది గోడకే ఉంది. మా ఆయన శుక్రవారం శుక్రవారం దాన్ని దించి, నూనెగుడ్డతో తుడిచి మళ్లీ తగిలిస్తాడు. నన్ను అంత శ్రద్ధగా ఏనాడైనా చూశాడా అంటే, నా మొహం, ఎక్కడ చూశాడు!

కొట్టు బోర్డు మీద కూడా తండ్రి పేరే. 'ఇమాం హుస్సేన్ పరుపులు'. "నీ పేరు పెట్టుకోవయ్యా, కుట్టేది నువ్వు కదా" అని కొత్తలో అన్నాను. "ఆయన పెట్టిన భిక్షే కదే ఇదంతా" అన్నాడు.

నేను కాపురానికి వచ్చేటప్పటికే మావగారు లేరు. ఆయన సంగతి నాకు తెలిసిందంతా మా అత్త జోహరాబీ చెప్పిందే. వాళ్లప్పుడు నరసరావుపేట అవతల చింతకుంట్లపాలెం హాల్టు పక్కనే ఉండేవాళ్లు. మీటరుగేజీ రోజులు. బొగ్గింజను, ఎర్రటి పెట్టెలు. మావగారు సాయంత్రం బండెక్కి దొనకొండ వైపు పనికి పోయాడు. అక్కడ జ్వరం తగిలి పోయాడు. అక్కడే మట్టి చేశారు. మా ఆయన అప్పటికి బడికి వెళ్లే పిల్లాడు. అత్త వాణ్ణి వెంటబెట్టుకుని గుంటూరొచ్చి, మిరపకాయలకి తొడిమలు తీసే పనిలో చేరింది. ఆ మంటకి చేతులు వాచిపోయి, రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని పడుకునేదట. అట్లా పెంచింది కొడుకుని. ఆవిడ మీద నాకెన్ని కోపాలున్నా ఆ చేతులు చూస్తే నోరు పడిపోయేది.

కోపాలంటే ఉన్నాయి మరి, ఎందుకు లేవు? నా పెళ్లికి మా అమ్మ ఆకుపచ్చ చీర పెట్టింది. మాలో పచ్చ రంగంటే ఎంతో శుభం. అత్త ఆ చీర చూసి, కళ్లెర్రజేసి, వీధి ఊడ్చే మనిషికి ఇచ్చేసింది! ఆరోజు నుంచి ఈరోజు దాకా మా ఇంట్లోకి పచ్చ చీర రాలేదు. పోనీ పెద్దావిడ చాదస్తం అనుకున్నాను. ఇంకొకటి. ఏటా పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో మావగారి పేరున, పోయినవాళ్లకి చదివించే ఫాతిహా చదివిస్తాం. రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి మలీదా చేస్తాను. సందంతా తింటారు. అత్త మాత్రం ఒక్క మెతుకు నోట పెట్టేది కాదు. మొగుడి మీద బెంగ కాబోలు అనుకుని నేను కూడా కళ్లు తుడుచుకునేదాన్ని. ఎంత పిచ్చిదాన్నండీ నేను!

మా ఆయనకి తండ్రి గురించి సొంతంగా గుర్తున్నది ఒకటే ఒకటి. ఆ ఆఖరి సాయంత్రం. బండి కదిలితే, వీడు ప్లాట్‌ఫారం వెంట "నాన్నా, నాన్నా" అని పరిగెత్తాడట. తండ్రి కిటికీలోంచి చూసి మొహం తిప్పుకున్నాడట. "ఏడుపొచ్చిందే ఆయనకి. నన్ను వదిలి పనికి పోవాలంటే ప్రాణం ఒప్పలేదు" అని చెప్పేవాడు. పెళ్లయిన కొత్తలో చెప్పాడు, పిల్లలు పుట్టాక చెప్పాడు, వాళ్లకి పెళ్లిళ్లయి ఎవరిళ్లకి వాళ్లు పోయాక కూడా చెప్పాడు.

ఇదంతా ఇట్లా నడుస్తుండగా అత్తకి మతిమరుపు పట్టుకుంది. మామూలుగా తాళంచెవి ఎక్కడ పెట్టానా అనేది కాదు. పొద్దున తిన్నది గుర్తుండదు, మనవల పేర్లు గుర్తుండవు, యాభై ఏళ్ల నాటి సంగతులు మాత్రం నిన్న జరిగినట్టు చెప్తుంది. సాయంత్రం అయ్యేటప్పటికి లేచి కొంగు బిగిస్తుంది. "బండొచ్చే వేళయింది, టేసనుకి పోవాలి" అంటుంది. వద్దంటే కొరుకుతుంది. మేం కొట్లో ఉండగా రెండుసార్లు వెళ్లిపోయింది. ఒకసారి మూడు వంతెనల దగ్గర, వెనక లారీలు హారన్లు కొడుతుంటే రోడ్డుకి నడిమధ్యన నడుస్తోందట. ఆటోవాడు పుణ్యాత్ముడు, తీసుకొచ్చి దింపాడు. ఈసారి ఆటోవాడు దొరకడు, లారీయే దొరుకుతుంది అని నాకు భయం పట్టుకుంది.

ఎందుకు పోతుందీ అంటే, మొగుడు దిగుతాడని ఎదురు చూడటానికే అనుకున్నాం. ఇంకేమనుకుంటాం?

మా ఆయన ఒకరోజు కారు మాట్లాడి ఆవిణ్ణి నిజం చింతకుంట్లపాలెమే తీసుకుపోయాడు. నేనూ వెళ్లాను. అక్కడేముంది? లైను పెద్దది చేసినప్పుడే హాల్టు ఎత్తేశారు. కట్ట ఎత్తు పెంచారు, దాని మీద కరెంటు తీగలు. టిక్కెట్లిచ్చే గది ఉన్నచోట ఇప్పుడు మిరప కల్లం, టార్పాలిన్లు పరిచి కాయలు ఆరబోశారు. అత్త కారు దిగి అటూ ఇటూ చూసి, చిన్నపిల్లలాగా ఏడ్చింది. "నన్ను ఎక్కడికో తెచ్చార్రా. ఇది కాదు. నన్ను మా టేసనుకి తీసుకుపోరా" అని కొడుకు చొక్కా పట్టుకుంది. మా ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ వారమే తిరగకుట్టే పాత పరుపులు తెచ్చుకోవడానికి బ్రాడీపేటలో ఒక డాక్టరుగారింటికి వెళ్లాడు. వాళ్లు అటక సర్దుతూ ఒక పెట్టె బయట పారేస్తున్నారట. పిల్లలు ఆడి వదిలేసిన ఫారిన్ రైలుబొమ్మ. గుండ్రంగా పట్టాలు, ఇంజను, నాలుగు పెట్టెలు, కరెంటుకి తగిలించే డబ్బా. అడిగి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి, పరుపులు గుమ్మంలోనే పడేసి, "నజ్మీనూ, అమ్మకి టేసను నేనే కట్టిస్తా. ఇంట్లోనే ఉంటే ఇంక రోడ్డెక్కాల్సిన పనేముంది?" అన్నాడు.

"నీ దుంప తెగ, బొమ్మని చూసి టేసననుకోడానికి ఆవిడేం పసిపిల్లా?" అన్నాను.

"అనుకునేటట్టు చేస్తా" అన్నాడు.

చేశాడండీ. అదే నా ఏడుపు.

మొదట చెక్కబల్ల మీద పట్టాలు బిగించి, అట్టముక్కలతో చిన్న గది కట్టి, పచ్చరంగు రంపపు పొట్టు చల్లి, అత్తని కుర్చీలో కూర్చోబెట్టి రైలు తిప్పాడు. ఆవిడ ఒక్క చుట్టు చూసింది. "బాగుందిరా, ఎవరి పిల్లలది?" అంది. సాయంత్రం మళ్లీ కొంగు బిగించింది.

అప్పుడు మా ఆయన కూర్చుని ఆలోచించాడు. ఫోన్లో తెల్లవాళ్ల వీడియోలు చూశాడు. వాళ్లు కూడా పనీపాటా లేకుండా ఇవే చేస్తారట. చూసి చూసి ఒకటి కనిపెట్టాడు. "దీనికి కొత్తదనం చావాలే. ముసలితనం పట్టించాలి. నిజం రైలు ఇట్లా మెరవదు, నిజం నేల ఇంత పచ్చగా ఉండదు" అన్నాడు. అక్కణ్ణుంచి మా ఇంట్లో వస్తువులకి దిక్కు లేకుండా పోయింది. పెట్టెలకి మెరుపు పోవాలని గరుకుకాగితం పెట్టి గీకి, ఎండిన రక్తం రంగు పూసి, దానిమీద టీ డికాషను అద్దాడు. పెట్టె కింద చక్రాల దగ్గర దుమ్ము పేరుకోవాలని బూడిద రాశాడు. ఇంజనుకి నా కుంపటి మసి. కిటికీలకి ఊచలు కావాలని నా జల్లెడ తీగలు లాగేశాడు. పట్టాల మధ్య కంకర కోసం అపార్ట్‌మెంటు కట్టేచోట పడున్న రాతిపొడి తెచ్చి, జల్లించి, గింజ గింజ పేర్చాడు. పేర్చాక అన్నీ ఒకే రంగుగా ఉన్నాయని, ఇంజను ఆగేచోట మాత్రం నూనె మరకలు పెట్టాడు. "ఇంజను ఆగితే కారుతుంది కదా" అని నాకు పాఠం. కారుతుందిలే, నా కర్మ కూడా కారుతుంది.

ఇవన్నీ పెట్టినప్పుడల్లా అత్తని కూర్చోబెట్టేవాడు. ఆవిడ ఇప్పుడు శ్రద్ధగా చూసేది. వంగి చూసేది. "వేపచెట్టేదిరా?" అంది ఒకరోజు. పెట్టాడు. "చెట్టు ఇటు కాదు, కుండ దగ్గర." మార్చాడు. మంచినీళ్ల కుండ చేసి దానికి ఎర్రగుడ్డ చుట్టాడు. "పత్తి తీతల రోజులు కదరా, పత్తి బోరాలుండాలి" అంది. బోరాలు నేను కుట్టాను, వేలి గోరంత బోరాలు, కళ్లు పోయేటట్టు. తిడుతూనే కుట్టాను. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు కూడా పిచ్చి అంటుకుంది. అత్త ఏదన్నా గుర్తుపట్టిన రోజున ముగ్గురం తెగ నవ్వుకునేవాళ్లం. కానీ ఆఖర్న ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. "అంతా ఉందిరా. కానీ ఏదో తేడాగా ఉంది. ఇది మా టేసను కాదు." మా ఆయన మొహం వాడిపోయేది. మర్నాడు ఇంకోటి మొదలుపెట్టేవాడు. ఆయనకి కావలసింది ఒక్క మాట. 'ఇదేరా' అని తల్లి నోటివెంట ఒక్క మాట. అది వస్తే ఆవిడ రోడ్డెక్కడం మానేస్తుందనీ, బతికిపోతుందనీ ఆయన నమ్మకం. మధ్యలో మళ్లీ ఒకసారి మా కన్నుగప్పి సందు చివరిదాకా వెళ్లింది కూడా. అందుకని నేను సాయంత్రమైతే తలుపుకి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో పెట్టుకునేదాన్ని.

మిరప్పొడి సంగతి చెప్పాలి, లేకపోతే మీకు మా ఆయన పూర్తిగా అర్థం కాడు. ఎర్రమట్టికి, తుప్పుకి ఏ రంగు వేసినా రంగులాగే కనిపిస్తోందని విసుగెత్తి, ఒకరోజు వంటింట్లోకొచ్చి కొత్తగా పట్టించిన కారం డబ్బా చూశాడు. అంతే. ఆ కారాన్ని మైదా జిగురుతో కలిపి బల్లంతా పూశాడు. ఎంత బాగా కుదిరిందంటే, పట్టాల పక్కన తుప్పు రాలినట్టే ఉంది. రైలు తిప్పితే మాత్రం ఘాటు లేచి ముగ్గురం తుమ్ములే తుమ్ములు! అదైనా ఓర్చుకున్నాం. వానాకాలం వచ్చేసరికి చింతకుంట్లపాలెం నేల కదలడం మొదలుపెట్టింది. వంగి చూద్దును కదా, గోధుమరంగు పురుగులు, బిలబిలమంటూ. కంకర కింద నుంచి, కుండ కింద నుంచి, టిక్కెట్టు గది గోడలోంచి కూడా.

"ఏవయ్యా, నీకు బుద్ధుందా? గుంటూరులో పెరిగి, కారం బయటపెడితే పురుగు పడుతుందని తెలీదా? ఊరి చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకు కట్టుకున్నారనుకుంటున్నావు, ఐసుక్రీముకా?" అని అరిచాను. మిరపకాయల మధ్య పెరిగినవాడు! తలదించుకున్నాడు. బల్లంతా గీకి మళ్లీ మొదటినుంచి కట్టాడు, ఈసారి ఇటుకపొడితో. ఆ వంచిన మెడ చూసి, వెళ్లి ఇటుకలు నేనే దంచిపెట్టాను.

ఇంజను పొగకి మాత్రం ఎవరి వీడియో చూడలేదు. గోడమీది విల్లు దించాడు. నరం బిగించి, పిడికెడు దూది ముందేసుకుని కొట్టాడు. ఎన్నేళ్లకో మా ఇంట్లో ఆ మోత. అత్త నిద్రపోతున్నదల్లా లేచి కూర్చుని, "ఆపరా! ఎవడ్రా అది కొట్టేది?" అని కేకలు పెట్టింది. పాత జ్ఞాపకం వచ్చి బాధపడుతోంది అనుకున్నాం. ఆ దూదికి కొంచెం మసి పట్టించి ఇంజను పొగగొట్టం మీద నిలబెట్టాడు. నిజం పొగే, ఒట్టు. నేను కూడా అబ్బ అన్నాను.

ఇంక మిగిలింది మనుషులు. పైపులకి పూసే ఎంసీల్ ముద్దతో, లోపల గుండుసూదులు పెట్టి చేశాడు. బోరా మోసే కూలీ, బల్లమీద కునికే ముసలాడు, మజ్జిగ అమ్మే మనిషి. అన్నిటికంటే ఆఖర్న, ఎన్నాళ్లో కూర్చుని, మావగారిని చేశాడు. లుంగీ, తెల్లచొక్కా, తలకి తువ్వాలు. భుజాన విల్లు. చీపురుపుల్ల వంచి, దానికి నా తలవెంట్రుక నరంగా కట్టాడు. రైలు ఆగితే మూడో పెట్టె తలుపు ముందుకి సరిగ్గా వచ్చేటట్టు, దిగుతున్నట్టు, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద. పని ముగించుకుని ఇంటికొస్తున్న తండ్రి. దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపిస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. "ఇదేనే తక్కువైంది. అమ్మకి తేడాగా ఉంది అంటున్నది ఇదే. నాన్న లేకుండా అది మా టేసను ఎట్లా అవుతుంది?" అన్నాడు.

ఆదివారం సాయంత్రం. అత్తకి కొత్త చీర కట్టాను, తల దువ్వాను. కుర్చీ బల్లదగ్గరికి జరిపాం. మా ఆయన గదిలో లైటు తీసి, కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేటట్టు తెర సర్దాడు. ఆ ఎండలో ఆ చిన్న ప్లాట్‌ఫారం, ఎర్రమట్టి, వేపనీడ చూస్తే అది బొమ్మ అని నాకే గుర్తులేదు. స్విచ్చి వేశాడు. రైలు మెల్లిగా తిరిగొచ్చి హాల్టులో ఆగింది. మావగారు దిగుతూ ఉన్నాడు.

అత్త చూసింది. చాలాసేపు చూసింది. ముందుకి వంగి, ఇంకా వంగి, మొహం రైలు పక్కకి పెట్టి చూసింది.

"అమ్మా, ఇదేనా?" అన్నాడు.

"ఇమాం కదా వాడు" అంది అత్త.

"అవునమ్మా! నాన్నే!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మరి భుజాన విల్లెందుకు పెట్టావురా?"

"పనికి పోయినవాడు కదమ్మా. విల్లు లేకుండా ఎట్లా?"

"పనికెక్కడ పోయాడు?" అంది అత్త. గొంతులో మతిమరుపు ఏమీ లేదు, మిరపకాయల దగ్గర మేస్త్రీలతో పోట్లాడిన పాత గొంతు. "పనికి పోయేవాడైతే విల్లు ఇంట్లో వదిలిపోతాడా? గోడమీద ఉండిపోయింది కదరా. తియ్. విల్లు తీసెయ్. వెనక్కి తిప్పు వాణ్ణి. దిగట్లేదు వాడు, ఎక్కుతున్నాడు."

అల్లా సాక్షిగా, ఇన్నేళ్లు ఆ విల్లు కింద నుంచే తిరుగుతూ, ఊడుస్తూ, దాని మీద బూజు దులుపుతూ, నాకు ఒక్కసారి తట్టలేదు. దొనకొండలో దూది ఏకడానికి పోయి అక్కడే చచ్చిపోయిన మనిషి విల్లు మా గోడమీదికి ఎట్లా వచ్చింది? ఎవరు తెచ్చారు? విల్లు లేకుండా దూదేకులవాడు పనికి పోతాడా? ఏ పిల్లాణ్ణడిగినా చెప్తాడు. దూదేకుల ఇంట్లో పుట్టినవాడు ఆయన, దూదేకుల ఇంట్లో మెట్టినదాన్ని నేను, ఇద్దరం ఆ మాట అడగలేదు.

"అమ్మా..." అన్నాడు మా ఆయన.

"పక్క పెట్టెలో కిటికీ దగ్గర అది కూర్చుని ఉండాలి" అంది అత్త, వేలు పెట్టి చూపిస్తూ. "ఖుర్షిదా. గాజులమ్మే ఖుర్షిదా. పచ్చ చీర కట్టుకుంది. నేను పోయేసరికే ఎక్కి కూర్చుంది. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. చెయ్యి విదిలించుకుని ఎక్కాడు. అద్దంకిలో దాని అన్నలున్నారు, అక్కడే ఉంటాం, నా వెంట పడొద్దు అన్నాడు." తర్వాత నావైపు తిరిగి, రహస్యం చెప్తున్నట్టు, "పిల్లాడికి పనికి పోయాడని చెప్పాను. వాడు ఏడుస్తున్నాడు. తర్వాత చచ్చిపోయాడని చెప్తాలే" అంది.

ఆ పిల్లాడు అక్కడే నిలబడి ఉన్నాడు, నెరిసిన గడ్డంతో.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరిమీదో కూడా తెలీదు. "ఏటేటా బతికున్నవాడికా అత్తా ఫాతిహా చదివించావు? నాచేత మలీదా చేయించి, ఊరందరికీ పెట్టించి! అందుకేనా నువ్వు ముట్టనిది?" అని అరిచాను. ఆవిడకి నా అరుపు అందలేదు. రైలునే చూస్తోంది. మా ఆయన నన్ను ఆపాడు. నోటితో కాదు, చేత్తో.

పట్టకారు తీసుకున్నాడు. చీపురుపుల్ల విల్లు మావగారి భుజాన్నుంచి మెల్లిగా ఊడదీశాడు. మనిషిని ప్లాట్‌ఫారం జిగురునుంచి లేపి, వెనక్కి తిప్పి, మొహం పెట్టెలోకి, వీపు ప్లాట్‌ఫారానికి పెట్టి, పెట్టె మెట్టుకే అంటించాడు. తర్వాత నా గుడ్డముక్కల సంచిలో వెతికి పచ్చ పీలిక ఒకటి తీశాడు. మా ఇంట్లో పచ్చ గుడ్డ ఎక్కడిదంటే, ఎవరిదో గలేబు తాలూకు ముక్క. బల్లమీద కునికే ముసలాణ్ణి లేపి, ఆ పీలిక చుట్టి, పక్క పెట్టె కిటికీలో కూర్చోబెట్టాడు.

"ఇప్పుడో, అమ్మా?"

అత్త చూసింది. మొహంలో ముడతలన్నీ సర్దుకున్నాయి. అంత నెమ్మదైన మొహం ఆవిడకి నేను ఏనాడూ చూడలేదు.

"ఆఁ. ఇప్పుడు సరిగ్గా ఉందిరా. ఇదే. ఇదే మన టేసను" అంది.

ఆ మాట కోసమే కదా ఆయన ఏడాది పైగా పడ్డ పాట్లన్నీ. వచ్చింది. ఆయన అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాడు. గోడమీద విల్లు తలకి తగిలి ఊగింది. "మొహం తిప్పుకున్నాడు నజ్మీనూ" అన్నాడు. "నేను పరిగెత్తుతుంటే చూసి, మొహం తిప్పుకున్నాడు." నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన ఏడవలేదు, దానికే నాకు భయం వేసింది.

మర్నాడు ఆ విల్లుని పొయ్యిలో పెడతానని దించాను. లాక్కుని మళ్లీ తగిలించాడు. "ఇది మనతోనే ఉండిపోయింది కదే, దీన్నేం అనకు" అన్నాడు. శుక్రవారం తుడవడం మాత్రం మానేశాడు. అద్దంకిలో మా పుట్టింటి తరఫువాళ్లున్నారు, మా మాలిక్ అన్నకి ఫోన్ చేసి కనుక్కుంటాను, ఆ మనిషి ఉన్నాడో పోయాడో అన్నాను. వద్దన్నాడు. పత్తి తీతలు మొదలయ్యాయి. మలీదా చెయ్యలేదు. ఉన్నాడో లేడో తెలియనివాడికి ఏమని ఫాతిహా చదివిస్తాం? సందులో వాళ్లు ఈసారి మర్చిపోయారా అని అడిగితే నాకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. కొట్టు మీద బోర్డు అట్లాగే ఉంది. తీస్తే ఎందుకు తీశావంటారు కదా.

అత్త ఇప్పుడు రోడ్డెక్కడం లేదు. తలుపు బార్లా తీసి ఉన్నా గుమ్మం దాటదు. ఆవిడ ఇన్నాళ్లూ టేసనుకి పోయింది ఎదురు చూడటానికి కాదండీ, ఆపడానికి. చొక్కా పట్టుకుని వెనక్కి లాగడానికి. మా ఆయన అనుకున్నదే అయింది, తల్లి బతికిపోయింది.

రోజూ సాయంత్రం అత్త కుర్చీలో కూర్చుంటుంది. "బండి వేళయింది" అంటుంది. మా ఆయన కొట్టు మూసి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గరికి వస్తాడు. మావగారు తలుపు దగ్గర, వీపు ఇటు పెట్టి. పచ్చ చీర కిటికీలో. ఇంజను మీద మా దూది పొగ. అత్త ఆ వీపుని కాసేపు చూస్తుంది, తర్వాత చెయ్యి ఊపుతుంది.

"పోనియ్యిరా బుడే. పోతే పోనియ్యి" అంటుంది.

మా ఆయన స్విచ్చి వేస్తాడు.